మొదటి లైనులో ఓడ పేరు

పోయిన వారం సీతమ్మధార పోస్టాఫీసులో వరుసలో నిలబడ్డాను. నా ముందున్న పెద్దాయన గుడ్డలో కుట్టిన పార్సిలొకటి కౌంటరు మీద పెట్టి కుట్ల మీద లక్క వేయిస్తున్నాడు. ఈ రోజుల్లో ఇంకా లక్క వేయించేవాళ్ళున్నారా అనుకునే లోపలే ఆ కాలిన వాసన ముక్కుకు తగిలింది. వెంటనే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదంటే, పోయి చాలా ఏళ్ళయిన మనిషి మీద. నూకరాజు గారు గుర్తొస్తే నాకు మొదట వచ్చేది కోపమే. చేతులెత్తి దండం పెట్టాలన్న బుద్ధి ఆ తర్వాత, తీరిగ్గా పుడుతుంది.

ఆయన పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఎనభైల్లో నేను అక్కడ టెంపరరీ క్లర్కుగా చేరాను. మాది తణుకు వైపు. నాన్నకు పోర్టులో క్రేన్ ఆపరేటరు ఉద్యోగం వచ్చాక గాజువాకలో అద్దెకు దిగాం. ఏజెంటు ఆఫీసంటే ఓడవాళ్ళకు ఈ ఊళ్ళో చుట్టాలిల్లు లాంటిది. ఓడ వచ్చిందగ్గర్నుంచి వెళ్ళేదాకా వాళ్ళకు మంచినీళ్ళు, కూరగాయలు, డాక్టరు, ఉత్తరాలు అన్నీ మేమే చూడాలి. నూకరాజు గారిది భీమిలి దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. వాళ్ళింట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషి ఆయనే. రోజూ తగరపువలస నుంచి బస్సులో వచ్చేవారు. బస్సు ఆలస్యమైతే ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రిజిస్టరులో రాసి, బస్సు ఆగిన చోటు పేరు కూడా రాసి, అప్పుడు సంతకం పెట్టేవారు. రాయమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

నేను చేరిన వారంలోనే ఆయన నా మొదటి కాగితం చింపేశారు. ఓడ రేవులో ఉన్నన్నాళ్ళూ ఏ గంటకు ఏం జరిగిందో రాసే కాగితమొకటి ఉంటుంది. స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనేవాళ్ళం. ఓడను రేవులోకి నడిపే పైలట్ ఎక్కాడు, ఖనిజం ఎత్తడం మొదలైంది, వాన వచ్చింది, పని ఆగింది, ఇలా ఉంటుంది. నేను నా చదువంతా చూపిస్తూ 'భారీ వర్షం కారణంగా పనికి తీవ్ర అంతరాయం' అని రాశాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "భారీ అని నీకెవలు సెప్పారమ్మా?" అన్నారు.

"తడిసి ముద్దయ్యానండీ, నేనే చూశాను."

"తడిసేవు. అది ఫ్యాక్టు. భారీయో సిన్నదో తేల్సుకునేవోలు ఏరే ఉంటారు. వాన వచ్చింది, పని ఆగింది, అంతే రాయి. నువ్వు సూసింది రాయి, సూడంది రాయకు. నీకెలా అనిపించిందో ఇంటికెల్లి మీ అమ్మకి సెప్పుకో."

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పుకున్నాను కూడా. ఆ మనిషి దగ్గర ఏడాది పనిచేస్తే నాకు మాటలు పోతాయని చెప్పాను. అమ్మ నవ్వి, పర్మినెంటయ్యేదాకా నోరు మూసుకోమంది. టెంపరరీ వాళ్ళను పర్మినెంటు చెయ్యాలంటే హెడ్ క్లర్కు సిఫారసు కావాలి. నాన్న ఎక్కిన ప్రతి మెట్టూ అరిగిపోయేలా తిరిగి సంపాదించి పెట్టిన ఉద్యోగమది. అందుకని నోరు మూసుకున్నాను.

రెండో పాఠం ఉత్తరాల సంచీ దగ్గర. ఓడల్లో పనిచేసేవాళ్ళకు ఇంటి దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాలు మా ఆఫీసు చిరునామాకే వస్తాయి. ఉత్తరం వచ్చేసరికి ఓడ వెళ్ళిపోయి ఉంటే, అది ఏ రేవుకు వెళుతోందో చూసి అక్కడి ఏజెంటుకు పంపాలి. "కవరు మీద మొదటి లైను సూడు" అన్నారాయన. "ఓడ పేరుంటే అది ఓడదే. కింద ఏటి రాసుందో మనకనవసరం. వచ్చిన రోజే ఎల్లిపోవాల. ఒక్క రోజు కూడా మన బల్ల మీద ఉండకూడదు."

"ఒక్క రోజుకు ఏమవుతుందండీ?"

"ఒక్క రోజంటే ఏటో, ఎదురుసూసేవోలకి తెలుస్తాది" అని సంచీ, దాని మూతికి వెయ్యాల్సిన లక్క నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. ఇది మాత్రం నేను చాలా శ్రద్ధగా నేర్చుకున్నాను. ఆయన మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదనుకోండి.

ఆ ఏడాది వానాకాలంలో ఒక ఓడ ఖనిజం కోసం మూడు వారాలు ఆగిపోయింది. అందులో థర్డ్ ఆఫీసరు ఒక ఇంగ్లీషు కుర్రాడు. టెలెక్స్ మిషను మీద ఇంటికి కబురు పంపడానికి మా ఆఫీసుకొచ్చి, తోచక అక్కడే కూర్చునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం పలచటి పుస్తకమొకటి, వింత వింత పాచికలు కొన్ని బల్ల మీద పరిచాడు. నాలుగు ముఖాలది, ఎనిమిది ముఖాలది, ఇరవై ముఖాలది. పేకా కాదు, చదరంగమూ కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులు. పాత కోట కింద సొరంగంలో ఉన్నావు, ఏం చేస్తావని అడిగితే ఏం చేస్తావో నోటితో చెప్పాలి. అయిందో లేదో పాచిక తేలుస్తుంది. టెలెక్స్ ఆపరేటరు మేరీ, ఓడల మీదకు వెళ్ళొచ్చే మా అప్పలరాజు, నేను ఒక పూటలోనే దానికి అంటుకుపోయాం. నూకరాజు గారు దూరంగా కూర్చుని ఫైలు చూస్తున్నట్టు నటించారు. ఓడ వెళ్ళేరోజు ఆ కుర్రాడు పుస్తకం, పాచికలు ఆయన చేతికే ఇచ్చి వెళ్ళాడు. ఇది మొదటి భాగమేననీ, రెండోది వాళ్ళమ్మ చేత పోస్టు చేయిస్తాననీ చెప్పాడు.

ఆ రోజు నుంచి కథ నడిపేది నూకరాజు గారే. ఆ పుస్తకాన్ని ఆయన పోర్టు రూల్సు చదివినట్టు చదివారు. శనివారం ఒంటిపూట ఆఫీసు అయిపోయి, అందరూ కారియర్లు కడుక్కున్నాక, తలుపు దగ్గరకు వేసి మొదలుపెట్టేవారు. సొరంగంలో అడుగు పెట్టాలంటే ముందు తాడెంతుంది, దీపంలో నూనెంతుంది, రొట్టెలెన్ని అని లెక్క చెప్పాలి. ఒకసారి రాక్షసుడు మీద పడబోతుండగా, "వాన. పని ఆగింది" అన్నారు.

"సొరంగంలో వానేంటి సార్?" అంది మేరీ.

"వాన పైనే. నీల్లు కిందకి దిగవేటి?"

అప్పలరాజు తల పట్టుకున్నాడు. "బాబాయ్, ఆడి సేతిలో గొడ్డలుంది. ఆడు కూడా పని ఆపీసేడా?"

"ఆడూ ఆపీసేడు. రాసుకో."

కార్తీకం వచ్చేసరికి మేము సొరంగం చివర ఒక ఇనప తలుపు ముందుకు చేరాం. గెలిచినకొద్దీ ఆటలో మనిషి ఒక్కో మెట్టు పైకెక్కుతాడు, ముగ్గురమూ మూడో మెట్టు దాటాం. ఆ పుస్తకం మూడో మెట్టు దాకానే. ఆ పైన రెండో పుస్తకం చూడండి అని చివరి పేజీలో ఉంది. నూకరాజు గారు పుస్తకం మూసి, రబ్బరు బ్యాండు వేసి, సొరుగులో పెట్టేశారు. పుస్తకం వచ్చేదాకా తలుపు తెరుచుకోదన్నారు. మీరే ఏదో ఒకటి చెప్పేయండని ఎంత బతిమాలినా వినలేదు. "లేంది నానెలా సెప్తానమ్మా? పుస్తకం రానీ." మాకు వేరే ఆట లేదు. ప్రతి శనివారం బల్ల చుట్టూ కూర్చుని, తాడూ నూనే మళ్ళీ లెక్కపెట్టి, తలుపు ముందు నిలబడి ఇళ్ళకు పోయేవాళ్ళం. ఇలాంటి ఆట ప్రపంచంలో ఇంకెవరూ ఆడి ఉండరు. పోస్టుమాన్ వస్తే నలుగురమూ ఒకేసారి తలెత్తేవాళ్ళం. అతను మా మొహాలు చూసి, లేదని దూరం నుంచే చెయ్యి ఊపడం నేర్చుకున్నాడు. మార్చి చివర నూకరాజు గారి రిటైర్మెంటు. నా సిఫారసు రాయాల్సింది కూడా ఆ నెలలోనే.

ఫిబ్రవరిలో ఆ ఇంగ్లీషు కుర్రాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నూకరాజు గారు అందరికీ వినబడేలా చదివారు. తను ఆ ఓడ దిగి వేరే ఓడ ఎక్కాడట. పుస్తకం అందే ఉంటుందనుకుంటున్నాడట. వాళ్ళమ్మ క్రిస్మసుకు చాలా ముందే, అట్టపెట్టెలో పెట్టి, ఆకుపచ్చ పురికొస కట్టి పంపిందట. ఆ ఆకుపచ్చ పురికొస అన్న మాట దగ్గర చేస్తున్న పని ఆపేశాను. ఆ పురికొసను నేను చేత్తో పట్టుకున్నాను. ఎవరో తల్లి కొడుక్కి కేకు పంపిందనుకున్నాను కూడా.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పంపకాల రిజిస్టరు తీశాను. దీపావళి తర్వాతి వారం పేజీలో నా అక్షరాలే. పార్సిలొకటి, ఓడ పేరు, జపాను రేవు పేరు. నాకు అంతా అర్థమైంది. ఆ తల్లి కొడుక్కి ఎప్పుడు రాసినా మొదటి లైనులో ఓడ పేరు రాయడం అలవాటు. మాకు పంపేటప్పుడూ అలాగే రాసింది. నూకరాజు గారి పేరు రెండో లైనులో ఉండి ఉంటుంది. అందుకే అది పోస్టుమాన్ చేతిలో కాక ఓడల సంచీలో వచ్చింది. నేను రెండో లైను చదవలేదు. వచ్చిన రోజే పంపేశాను. అందరం కళ్ళల్లో ప్రాణాలు పెట్టుకుని ఎదురుచూస్తున్న పుస్తకాన్ని నేనే, నా చేత్తో, సంచీలో వేసి, ఎంత చురుకైన దాన్నో అనుకుంటూ సముద్రం దాటించాను.

చెప్పలేదు. చెబితే సిఫారసు పోతుందని చెప్పలేదు. వచ్చిన టపా దారి తప్పించడం మా ఆఫీసులో చిన్న తప్పేమీ కాదు. ఆయన మాత్రం ప్రతిరోజూ భోజనం టైములో పోస్టాఫీసుకు వెళ్ళి పార్సిళ్ళ కౌంటరు గుమస్తాను నిలదీసేవారు. ఆ గుమస్తా ఓపిగ్గా లోపలికెళ్ళి, వెతికి, లేదని వచ్చి చెప్పేవాడు. ఈయన ఎర్రటి ఎండలో తిరిగొచ్చి, "ఆడే ఎక్కడో పారేసేడు" అని గొణిగేవారు. నాకు ఆయన మీద కోపం వచ్చేది. పదిహేనేళ్ళ పిల్లాడిలా ఒక ఆటపుస్తకం కోసం ఏమిటీ మనిషి అని. నా తప్పు నేను మోయలేక ఆయన మీద కోప్పడుతున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసినా కోపం తగ్గలేదు.

మార్చి రెండో వారంలో ఆయన ఆ గుమస్తా మీద ఫిర్యాదు రాసి, టైపు చెయ్యమని నాకిచ్చారు. పార్సిలు అతని నిర్లక్ష్యం వల్లనే పోయిందని, చర్య తీసుకోవాలని ఉంది. మిషన్లో కాగితం ఎక్కించాను. రెండు లైన్లు కొట్టాను. మూడో లైను దగ్గర ఆపేశాను. లేచి ఆయన బల్ల దగ్గరకు వెళ్ళాను.

"సార్, ఇందులో నిర్లక్ష్యం అని ఉందండీ."

"ఉంటాది. నిర్లక్ష్యమే గదా."

"మీరు చూశారా?"

కళ్ళజోడు మీంచి చూశారు. "నాను సూడడమేటి?"

"చూడంది రాయొద్దని మీరే అన్నారు కదండీ."

ఆయనకు చిరాకొచ్చింది. "అయితే జరిగింది జరిగినట్టు నువ్వే కొట్టి పట్రా."

వెళ్ళి కొట్టుకొచ్చాను. నాలుగే లైన్లు. పార్సిలు దీపావళి తర్వాత మన ఆఫీసుకు చేరింది. మొదటి లైనులో ఓడ పేరు ఉంది. అదే రోజు జపాను రేవుకు పంపాను. రెండో లైను చదవలేదు. కింద నా పేరు, సంతకం. కాగితం ఆయన ముందు పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పమిట కొంగు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన రెండుసార్లు చదివారు. రిజిస్టరు తెప్పించుకున్నారు. ఆ పేజీ తీసి వేలుతో చివరి గడి దాకా వచ్చి ఆగారు. రోజూ సాయంత్రం చూసి సంతకం పెట్టేది ఆయనే. ఆ వరుసలోనూ పెట్టారు. కలం తీసి నా కాగితం మీద అయిదో లైను రాశారు. 'నేను సంతకం చేశాను. చదవలేదు.' ఫిర్యాదు నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. "రూలు ఎట్టింది నాను. నువ్వు రూలు పెకారమే సేసేవు" అన్నారు. అంతటితో క్షమించారనుకునేరు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పోస్టాఫీసుకు వెళ్ళి ఆ గుమస్తాకు తప్పు మాదని చెప్పి వచ్చారట. ఆ మాట అప్పలరాజు చెబితే తెలిసింది.

సిఫారసు రాశారు. పని తెలుసు, వేళకు వస్తుంది, ఒక పార్సిలు తప్పుదారి పట్టించింది, తనంతట తానే చెప్పింది. నాలుగు వాక్యాలు, నాలుగూ నిజాలే. మేనేజరు చదివి, పర్మినెంటు చెయ్యడానికి ఇంకో ఆరు నెలలు చూద్దామన్నారు. నేను కోపం పట్టలేక, "ఆ మూడో వాక్యం కూడా రాయాలా సార్?" అని అడిగేశాను.

"మూడోది తీసేస్తే నాలుగోది ఎక్కడెట్టనమ్మా?" అన్నారు. ఆ నాలుగో వాక్యం కోసమే మూడోది రాశారని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అప్పుడు మాత్రం ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాను. నాన్న నా కంచం మీద మూత పెట్టి వెళ్ళాడు. అదింకా కష్టమనిపించింది.

ఆయన చివరి శనివారం వచ్చింది. ఉదయమే దండలు వేశారు, స్వీట్లు పంచారు. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక, మమ్మల్ని ముగ్గురినీ కూర్చోమన్నారు. సొరుగులోంచి పుస్తకం తియ్యలేదు. ఖాళీ చేతులు బల్ల మీద పెట్టారు. "పుస్తకం రాదు. తలుపు తీసీండి" అన్నారు.

అప్పలరాజు నమ్మలేక, "నిజంగానా బాబాయ్?" అన్నాడు. తలుపు తోశామని చెప్పాం.

"తలుపవతల ఇసక. సముద్రం. తెప్పలన్నీ ఒడ్డుకొచ్చీసేయి. ఒకావిడ నిలబడి సముద్రంకేసి సూత్తంది. సంకలో బిడ్డున్నాడు. మిమ్మల్ని సూసి, మా ఇంటాయన తెప్ప కనబడిందా అని అడుగుతంది. ఏటి సెప్తారు?"

ఇలాంటిది ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. రాక్షసులు లేరు, నిధి లేదు. అప్పలరాజు, "వస్తంది అమ్మా, ఎనకాలే వస్తంది అని సెప్తాను" అన్నాడు.

"నువ్వు సూసేవా?"

"లేదు."

మేరీ తల దించుకుంది. నూకరాజు గారు నా వైపు తిరిగారు. పాచిక నా చేతిలోనే ఉంది. వెయ్యాలనిపించలేదు. "మేము చూడలేదమ్మా అని చెబుతానండీ. చెప్పి, ఆవిడ పక్కన నిలబడతాను" అన్నాను. ఆయన కాగితం తీసి ఏదో రాసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. బస్సుకు టైమైందని లేచి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక అప్పలరాజు చెప్పాడు, నూకరాజు గారు చంటిబిడ్డగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదని. వాళ్ళమ్మ ఎన్నో ఏళ్ళు సాయంత్రమైతే ఒడ్డుకు వెళ్ళి నిలబడేదట. కొన్నాళ్ళు ఈయన్ని చంకనేసుకుని, తర్వాత చెయ్యి పట్టుకుని.

మరుసటి వానాకాలంలో ఒక రోజు సంచీ విప్పితే ఆకుపచ్చ పురికొస కనబడింది. అట్టపెట్టె మూలలన్నీ నలిగి, దాని మీద రకరకాల రేవుల ముద్రలు పడి ఉన్నాయి. ఆ కుర్రాడు దిగిపోయిన ఓడను వెతుక్కుంటూ తిరిగి తిరిగి, చివరికి ఎవరో కెప్టెన్ రెండో లైను చదివి వెనక్కి పంపాడు. ఆ ఆదివారం తగరపువలస బస్సెక్కాను. దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకెవరి చేతికీ ఇవ్వదలచుకోలేదు.

నూకరాజు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. పురికొస కొయ్యకుండా ముడి విప్పారు. పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి, నేను ఎదురుగా ఉన్నానన్న సంగతే మరిచిపోయి, చదవడం మొదలుపెట్టారు. వాళ్ళ కోడలు తెచ్చిచ్చిన టీ తాగాను, గ్లాసు కడిగిచ్చాను, పెరట్లో జామచెట్టు చూసొచ్చాను. ఇంకా చదువుతూనే ఉన్నారు. గంటకు పైగా అయ్యాక తలెత్తారు.

"అడవులున్నాయి, ఓడలున్నాయి, తుపాన్లున్నాయి. తలుపెనకాల ఏటుందో మాత్రం లేదమ్మా. అది కథ సెప్పేవోలే ఊహించుకోవాలని రాసేడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని నెలలు తలుపు ముందు నిలబెట్టారు. ఒక అమాయకపు గుమస్తాను రోజూ ఎండలో వెళ్ళి తిట్టారు. నా ఉద్యోగం ఆరు నెలలు వెనక్కి పోయింది. మొదటి రోజే మేము బతిమాలినట్టు ఆయన నోరు విప్పి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు. ఆ మాటే అనబోయి ఆయన మొహం చూశాను. ఆయన నవ్వడం లేదు.

"అయితే ఆ రోజు నాను సెప్పింది తప్పు కాదన్నమాట" అన్నారు. "రిటైరైన కాడ్నించీ అదే ఆలోసన. ఇన్నేల్ల సర్వీసులో సూడంది ఒక్క ముక్క రాయలేదు. ఆకరి రోజున సూడంది సెప్పీసేనేటో అని."

"చూశారు సార్" అన్నాను. "మీరు చూసిందే చెప్పారు."

ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. బస్సు తప్పిపోతుంది బయల్దేరమన్నారు.

ఆ ఆఫీసులోనే పర్మినెంటయ్యాను, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు అప్పుడప్పుడూ ఇలా కూర్చుని ఏదో ఒకటి రాస్తుంటాను. ప్రతి వాక్యం దగ్గరా, నువ్వు చూశావా అని ఆయన గొంతు అడుగుతుంది. చూడలేదంటే కొట్టేస్తాను. చూశానంటే, అది నా తప్పయినా సరే, ఉంచేస్తాను. ఇందువల్ల నాకు ఒక పేజీ రాయడానికి వారం పడుతుంది, తీరా చూస్తే అందులో సగం కొట్టివేతలే. ఆ విసుగు ఎవరి మీద చూపించాలో మాత్రం నాకు బాగా తెలుసు.